అర బ్యాండు ఎక్కడ పోయింది? ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో రెండుసార్లు 5.5 దగ్గర ఆగిన విద్యార్థి కేసు

విద్యార్థిది కందుకూరు దగ్గర పల్లె, పొగాకు వేసే ఇల్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో, ఆ తర్వాత నెల్లూరు దగ్గర బీటెక్ చదివాడు. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చేయడానికి ఒక యూనివర్సిటీ కండిషనల్ ఆఫర్ ఇచ్చింది. విదేశీ చదువుకి అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో ఓవరాల్ బ్యాండు (9కి ఇచ్చే మార్కు) 6.5 రావాలి, ఏ విభాగంలోనూ 6.0కి తగ్గకూడదు అన్నది షరతు. అతనికి లిజనింగ్‌లో 7.0, రీడింగ్‌లో 6.5, రైటింగ్‌లో 5.5, స్పీకింగ్‌లో 6.0 వచ్చాయి. ఓవరాల్ 6.5.

ఓవరాల్ చూసుకుని ఇంట్లో స్వీట్లు పంచారు. ఆ తర్వాత రైటింగ్ చాలదని యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఇలాంటి పొరపాటు మన జిల్లాల్లో ప్రతి ఇన్‌టేక్‌కీ, అంటే ప్రతి అడ్మిషన్ల సీజన్‌కీ, జరుగుతూనే ఉంది, అందుకే ముందుగా లెక్క చెప్పాలి. నాలుగు విభాగాల మార్కులు కూడితే 25. నాలుగుతో భాగిస్తే 6.25. ఐఈఎల్‌టీఎస్‌లో సగటు .25 దగ్గర పడితే పై అర బ్యాండుకి, .75 దగ్గర పడితే పై పూర్తి బ్యాండుకి తీసుకుంటారు. ఆ రౌండింగ్ వల్లే 6.5 కనబడింది. ఈ రౌండింగ్ ఓవరాల్‌ని పెంచుతుందే గానీ, విడి విభాగంలో తక్కువైన మార్కుని పూడ్చదు. ఆఫర్ లెటర్‌లో మొదట చదవాల్సింది 'ఏ విభాగంలోనూ ఇంతకి తగ్గకూడదు' అనే వాక్యాన్నే.

ఇది అతని రెండో ప్రయత్నం. మొదటిసారి కూడా రైటింగ్‌లో 5.5 వచ్చింది. మధ్యలో రెండు నెలలు కోచింగ్ తీసుకున్నాడు. "ఇంత చదివినా ఆ అర బ్యాండు ఎట్టా పొయింది సార్?" అని తండ్రి అడిగారు. ఈ కేసంతా ఆ ప్రశ్నకి జవాబే.

ముందున్న నాలుగు దారులు

రెండో పరీక్ష రాసిన 19వ రోజున కేసు మా చేతికి వచ్చింది. రోజుల లెక్క ఎందుకు ముఖ్యమో కింద తెలుస్తుంది.

మొదటి దారి రీమార్కింగ్, అంటే ఎంక్వైరీ ఆన్ రిజల్ట్స్. పరీక్ష రాసిన 6 వారాల లోపు అడగాలి. మార్కు పెరిగితే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు. మిగతా మూడూ 7.5 దగ్గర ఉండి ఒక్క రైటింగే 5.5కి పడిపోతే, ప్రాక్టీసు రాతలు కూడా బాగుంటే, ఈ దారి పట్టొచ్చు. ఇక్కడ రెండు పరీక్షల్లోనూ అదే 5.5. ఇంట్లో రాసిన వ్యాసాల్లోనూ అవే లోపాలు. కొలత తప్పు కాదు, కొలిచిన రాతలోనే లోపముంది. కాబట్టి రీమార్కింగ్ వద్దన్నాం.

రెండో దారి మొత్తం పరీక్ష మళ్లీ రాయడం. ఇందులో ఉన్న ప్రమాదం చాలామందికి కనబడదు. స్పీకింగ్‌లో అతనికి వచ్చింది సరిగ్గా 6.0, కావలసిందీ అంతే. మళ్లీ రాస్తే ఆ 6.0 అలాగే నిలుస్తుందన్న భరోసా లేదు. రైటింగ్ 6.0 అయి స్పీకింగ్ 5.5కి దిగితే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

మూడోది పీటీఈ అకడమిక్ అనే మరో ఇంగ్లిష్ పరీక్షకి మారడం. దీన్ని గట్టిగానే ఆలోచించాం. దాదాపు 2 గంటల పరీక్ష, స్కేలు 10 నుంచి 90, ఫలితం త్వరగా వస్తుంది. అయితే అతను మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో ఆగి మాట కోసం వెతుక్కుంటాడు. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే ఆ ఆగడం కొంత చెల్లుతుంది. పీటీఈలో మాట్లాడేది కంప్యూటర్‌తో, 3 సెకన్లు దాటి మౌనంగా ఉంటే మైక్ రికార్డింగ్ ఆగిపోతుంది. ప్రాక్టీసులో చూస్తే 'డిస్క్రైబ్ ఇమేజ్' (బొమ్మ చూసి వివరించే) ప్రశ్నల్లో సగం జవాబులు నడిమధ్యలో తెగిపోయాయి. రైటింగ్ కోసం పరీక్ష మారిస్తే స్పీకింగ్‌లో కొత్త గుంత పడేలా ఉంది. 'పీటీఈ ఈజీ అంట' అన్న మాట విని మారేవాళ్లు ముందు ఒక పూర్తి మాక్ (నమూనా పరీక్ష) రాసి, తమ గొంతు రికార్డింగ్ తాము వినాలి.

నాలుగోది వన్ స్కిల్ రీటేక్. కంప్యూటర్ మీద నాలుగు విభాగాలూ పూర్తిగా రాసినవాళ్లకే ఇది దొరుకుతుంది. ఆ పూర్తి పరీక్ష జరిగిన రోజు నుంచి 60 రోజుల లోపు, ఒక్క విభాగం, ఒక్కసారి మాత్రమే. విభాగం సమయం, ప్రశ్నల తీరు ఏమీ మారవు. ఫలితంగా కొత్త టీఆర్ఎఫ్ (టెస్ట్ రిపోర్ట్ ఫామ్, అంటే మార్కుల పత్రం) వస్తుంది. అందులో కొత్త రైటింగ్ మార్కు, పాత మూడు మార్కులు ఉంటాయి. ఏ టీఆర్ఎఫ్ వాడుకోవాలన్నది విద్యార్థి ఇష్టం. స్పీకింగ్ 6.0 చెక్కుచెదరదు కాబట్టి ఇదే సరైన దారి.

డబ్బు కట్టే ముందు ఒక పని ఉంది. రీటేక్ టీఆర్ఎఫ్‌ని యూనివర్సిటీ తీసుకుంటుందా అని అడ్మిషన్స్‌కి రాతపూర్వకంగా రాసి అడగాలి. వీసాకి కూడా చెల్లుతుందా అని ఆ దేశపు ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో విడిగా చూసుకోవాలి. రెండూ ఒకటే అనుకోవద్దు. ఇక్కడ యూనివర్సిటీ జవాబు రావడానికి 6 రోజులు పట్టింది. ఆ 6 రోజులూ ప్రిపరేషన్ ఆపలేదు. 52వ రోజుకి చెన్నైలో స్లాట్ తీసుకున్నాం. 60వ రోజు దాకా లాగితే స్లాట్ దొరక్కపోయినా జ్వరం వచ్చినా అంతే సంగతులు. వెనక 8 రోజులు చేతిలో ఉంచుకోవాలి.

రాతలో ఏం దొరికింది

పాత వ్యాసాలు 14 తెప్పించి చదివాం. గ్రామర్ కంటే ముందు కంటికి కనబడింది ఒకే ఎత్తుగడ. వ్యాసం ఏ విషయం మీదైనా మొదలు ఇదే: 'ఇన్ దిస్ మోడర్న్ ఎరా ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, ఇట్ ఈజ్ ఎ హైలీ డిబేటబుల్ టాపిక్…' ఒక వ్యాసంలో ఉపోద్ఘాతం 70 పదాలు నడిచింది. అడిగిన ప్రశ్నకి సంబంధించినవి వాటిలో 9. ముగింపు కూడా ముందే తయారుచేసి పెట్టుకున్నదే. మధ్యలో 'ఒక సర్వే ప్రకారం 80 శాతం మంది ఒప్పుకున్నారు' అనే వాక్యం ప్రతి వ్యాసంలోనూ ఉంది. ఆ సర్వే ఎవరూ చేయలేదు.

ఇదంతా మార్కుల కోసమని నేర్పించారు. ఎగ్జామినర్ రోజంతా చదివేది ఇలాంటి రాతలే, కాబట్టి బట్టీ వాక్యం ఏదో, సొంత వాక్యం ఏదో ఇట్టే పట్టేస్తారు. పైగా బట్టీ వాక్యంలో గ్రామర్ తప్పుండదు, కింది వాక్యంలో ఉంటుంది. ఆ తేడా వల్ల సొంత రాత ఉన్నదానికంటే బలహీనంగా కనబడుతుంది. బ్యాండు చూసేది నాలుగు కొలతల మీద. అడిగినదానికి జవాబు చెప్పాడా, ఆలోచనలు వరుసగా కలిశాయా, పదసంపద ఎంత, గ్రామర్ ఎంత వైవిధ్యంగా, తప్పుల్లేకుండా ఉంది. నాలుగింటికీ సమాన విలువ. అతను రెండు నెలలు కష్టపడింది వీటిలో ఏ ఒక్కదాన్నీ పెంచేది కాదు.

రెండో లోపం టాస్క్ 1లో, అంటే చార్టు చూసి వివరించే మొదటి ప్రశ్నలో. ప్రాక్టీసు పేపర్‌లో మూడు దేశాల్లో టీ వాడకం మీద 1990 నుంచి 2020 దాకా లైన్ గ్రాఫ్ ఉంది. అతను ప్రతి దేశానికీ ప్రతి పదేళ్ల అంకెనూ వరుసగా రాసుకుంటూ పోయాడు, పచారీ కొట్టు చిట్టాలాగా. మొత్తంగా ఏం జరిగింది అన్న మాట, అంటే ఓవర్‌వ్యూ, ఎక్కడా లేదు. అకడమిక్ టాస్క్ 1లో అది లేకపోతే టాస్క్ అచీవ్‌మెంట్‌లో (అడిగిన పని చేశాడా అన్న కొలతలో) 6 అందుకోవడం చాలా కష్టం.

మూడోది సమయం. రైటింగ్ మొత్తం 60 నిమిషాలు. టాస్క్ 1కి 20 నిమిషాలు, కనీసం 150 పదాలు. టాస్క్ 2కి, అంటే వ్యాసానికి, 40 నిమిషాలు, కనీసం 250 పదాలు. మార్కుల్లో టాస్క్ 2కి రెండింతల బరువు. అతను టాస్క్ 1 మీద 27 నిమిషాలు గడిపి, మిగిలిన 33లో 340 పదాల వ్యాసం రాసేవాడు. ఎక్కువ రాస్తే ఎక్కువ మార్కులు అన్న నమ్మకం పదో తరగతి నుంచి వచ్చింది. అక్కడ అడిషనల్ షీట్లు లెక్కపెట్టేవాళ్లేమో గానీ, ఇక్కడ పెరిగిన 90 పదాలతో పెరిగేవి తప్పులే.

టైపింగ్ కూడా కొలిచాం. నిమిషానికి 17 పదాలు, రెండు వేళ్లతో. టాస్క్ 1లో 170 పదాలంటే 10 నిమిషాలు, 340 పదాల వ్యాసమంటే 20. గంటలో సగం వేళ్లకే పోతోంది, ఆలోచనకీ సరిచూసుకోవడానికీ మిగిలింది అరగంటే. కంప్యూటర్ పరీక్షకి వెళ్లే ఎవరికైనా ఇది మొదటి రోజే కొలవాలి. ఫోన్‌లో వేగంగా కొట్టేవాళ్లు కీబోర్డు ముందు తడబడతారు. అక్కడ స్పెల్‌చెక్ ఉండదు, పదాల లెక్క మాత్రం స్క్రీన్ మీద కనబడుతుంది.

33 రోజులు ఎలా వాడాం

మొదటి వారం వ్యాసం ముట్టుకోలేదు. రోజుకి 20 నిమిషాలు టైపింగ్. మిగతా సమయమంతా టాస్క్ 1 ఓవర్‌వ్యూలే. 20 చార్టులు ఇచ్చి ఒక్కోదానికి రెండే వాక్యాలు, అంకెలు వేయకుండా రాయమన్నాం. ముందు 3 నిమిషాలు చార్టు చూసి నాలుగు వెతకాలి. అన్నిటికంటే పైన ఏది, కింద ఏది, ఎక్కువ మారింది ఏది, ఒకదాన్ని ఒకటి దాటింది ఎక్కడ. ఉపోద్ఘాతం ఒక వాక్యం, వెంటనే ఓవర్‌వ్యూ, ఆ తర్వాతే అంకెలు, అవీ అవసరమైనవే.

తెలుగు ఇక్కడ బాగా పనికొచ్చింది. అతను 'ఇంక్రీజ్డ్ బై 20 పర్సెంట్', 'ఇంక్రీజ్డ్ టు 20 పర్సెంట్' రెండింటినీ కలిపేసేవాడు. ఎన్నిసార్లు రూలు చెప్పినా మళ్లీ అదే. '20 శాతం పెరిగింది' అంటే బై, '20 శాతానికి పెరిగింది' అంటే టు అని చెప్పాక ఆ తప్పు మళ్లీ రాలేదు. మన 'కి' చేసే పనే అక్కడ 'టు' చేస్తుంది. అలాగే అడ్వైస్, రీసెర్చ్, ఎక్విప్‌మెంట్ చివర ఎస్ పెట్టడం. మనకి సలహాలు, పరిశోధనలు, పరికరాలు అన్నీ బహువచనంలో సహజంగా వస్తాయి కాబట్టి చెయ్యి తనంతట తానే ఎస్ కొడుతుంది. ఇలాంటివి 12 పదాలు ఒక చీటీ మీద రాసి కీబోర్డు పక్కన అంటించాడు. 'కూడా' తెలుగులో మాట వెనక వస్తుంది కనుక 'ఆల్సో'ని వాక్యం చివరికి నెట్టేయడం మరొకటి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మన పిల్లలూ ఈ తప్పులే చేస్తారు. వీటి వేరు బడిలో లేదు, తెలుగులో ఉంది.

రెండు, మూడు వారాలు వ్యాసాలు. రోజు విడిచి రోజు ఒకటి. మధ్య రోజున కొత్తది రాయకూడదు, నిన్నటిదే దిద్ది మళ్లీ రాయాలి. కొత్త వ్యాసాలు రాస్తూ పోవడం పని చేసినట్టు అనిపిస్తుంది కానీ పాత తప్పులే కొత్త విషయం మీద మళ్లీ వస్తాయి.

బట్టీ వదిలించడం వీటన్నిటికంటే కష్టమైంది. ఒక ప్రశ్న ఇది: రైతులు తిండి పంటలే వేయాలని కొందరు, ఎగుమతి పంటలు వేస్తే మేలని కొందరు అంటారు, రెండువైపులా చర్చించి మీ అభిప్రాయం రాయండి. అతను మళ్లీ 80 శాతం సర్వేతో మొదలుపెట్టాడు. ఆపి, తెలుగులో చెప్పమన్నాం. 10 నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్‌కి కట్టెల ఖర్చు, ఆకు కొట్టడానికి కూలీల కొరత, వేలం కేంద్రంలో లోగ్రేడ్ బేళ్లకి కొనేవాళ్లు రాకపోవడం. శనగ వేస్తే కూలి ఖర్చు తగ్గుతుంది గానీ రేటు పడితే కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలల తరబడి ఎదురుచూడాల్సి రావడం. కందుకూరు వేలం ఫ్లోర్ మీద నిలబడి చూసిన కుర్రాడికి సర్వే దేనికి?

అందులోంచి ఒక్క మాట ఎంచుకుని ఇంగ్లిష్‌లో పెట్టమంటే వచ్చిన వాక్యం: 'ఎ ఫార్మర్ హూ గ్రోస్ టొబాకో డిపెండ్స్ ఆన్ బయ్యర్స్ హి విల్ నెవర్ మీట్.' పెద్ద మాట ఒక్కటీ లేదు. రెండు ఉపవాక్యాలున్న సంక్లిష్ట వాక్యం, తప్పు లేదు, ప్రశ్నకి నేరుగా జవాబు. ఇది అతని సొంత ఇంగ్లిష్, 6.0 ఇక్కడే ఉంది. ఆ రోజు నుంచి ప్రతి పేరాకీ ఒక పద్ధతి పెట్టాం. ఒక మాట చెప్పు, ఎందుకో చెప్పు, చూసిన ఉదాహరణ ఇవ్వు, ప్రశ్నకి కలుపు. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు, చీమకుర్తి గ్రానైట్, పెన్నా ఇసుక, బీటెక్ క్యాంపస్ హాస్టల్. ఇరవై మామూలు అంశాల్లో పదిహేనింటికి ఉదాహరణలు అతని చుట్టూనే దొరికాయి. ఉదాహరణ విదేశానిది అయి ఉండాలన్న నియమం ఐఈఎల్‌టీఎస్‌లో లేదు. మీ అనుభవంలోంచి ఉదాహరణలు ఇవ్వండి అని ప్రశ్న కిందే రాసి ఉంటుంది.

నాలుగో వారం మాక్‌లు, మొత్తం 6, స్లాట్ ఏ వేళకి ఉందో అదే వేళకి. రెండో మాక్ బెడిసికొట్టింది. టాస్క్ 2లో 212 పదాలే. బట్టీ వదిలేశాక ఆలోచన ఎక్కువై ప్లాన్‌కే 14 నిమిషాలు పట్టింది. ప్లాన్ తెలుగులో రాసుకుని మనసులో అనువాదం చేస్తున్నాడని చూశాక తెలిసింది. పదాలు తక్కువైతే చెప్పిన మాటకి తగిన వివరణ ఉండదు, టాస్క్ రెస్పాన్స్ (అడిగినదానికి జవాబు అన్న కొలత) పడిపోతుంది. ప్లాన్‌ని ఇంగ్లిష్‌లో నాలుగు లైన్లకి కుదించాం. ప్లాన్ 6 నిమిషాలు, రాయడం 28, సరిచూడటం 6. తెలుగులో ఆలోచించడం ప్రాక్టీసు రోజుల్లో మంచిది, పరీక్ష గంటలో ఖరీదైనది. సరిచూసేటప్పుడు మొత్తం చదవకూడదు. ఒక్కోసారి ఒక్క తప్పునే వెతకాలి. మొదట క్రియ చివర ఎస్, తర్వాత అంటించుకున్న 12 పదాలు, ఆ తర్వాత ఆర్టికల్స్ (ఎ, యాన్, ది). అప్పటికి టైపింగ్ 25 పదాలకి వచ్చింది. టాస్క్ 1 7 నిమిషాల్లో, 270 పదాల వ్యాసం 11 నిమిషాల్లో టైపైపోతున్నాయి. ముందు 30 నిమిషాలు పట్టిన చేతిపని 18కి దిగింది.

పరీక్ష రోజు

మొదటి రెండుసార్లూ రాత్రి రైలెక్కి, నిద్రలేకుండా తెల్లారి సెంటర్‌కి వెళ్లాడు. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లే, కానీ నిద్రపోని మెదడుకి 60 నిమిషాల రాత బరువు. ఈసారి ముందురోజు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పంపించాం. ఒరిజినల్ పాస్‌పోర్ట్ తప్ప ఆధార్, జిరాక్స్ ఏవీ పనికిరావు. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పోకుండా ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉందా, గివెన్ నేమ్‌లో కలిసిపోయిందా, అసలు సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందా అన్నది ఒక్కో పాస్‌పోర్ట్‌లో ఒక్కోలా ఉంటుంది. టెన్త్ సర్టిఫికెట్ చూసి పేరు నింపితే అక్కడే దెబ్బతింటారు.

ఫలితం: రైటింగ్ 6.0. కొత్త మొత్తం 25.5, సగటు 6.375, ఓవరాల్ 6.5 అలాగే ఉంది. షరతు తీరింది.

వేరే దేశమైతే

ఇదే స్కోర్‌షీట్‌తో ఇంకో దేశానికి వెళ్లేవాళ్లకి నిర్ణయం వేరుగా ఉంటుంది. అమెరికా ఎఫ్-1 (విద్యార్థి) వీసాకి విడిగా ఇంగ్లిష్ స్కోరు అడగరు, యూనివర్సిటీ అడుగుతుంది. కాబట్టి డుయోలింగో తీసుకునే యూనివర్సిటీ అయితే ఇంటి దగ్గర గంటలో రాసే ఆ పరీక్షతో పని జరగొచ్చు. అదే డుయోలింగో ఆస్ట్రేలియా వీసాకి చెల్లదు. టోఫెల్ ఐబీటీ 2026 జనవరి 21 నుంచి 1–6 స్కేలుకి మారింది, పాత 120 లెక్కతో రాసిన సీనియర్ల సలహాలు చూసి టార్గెట్ పెట్టుకోవద్దు. యూకేలో డిగ్రీ, ఆపై కోర్సులకి బీ2 (మధ్యస్థం కంటే పై) స్థాయి ఇంగ్లిష్ కావాలి, యూకే వీసాల కోసం పెట్టే ఐఈఎల్‌టీఎస్ యూకేవీఐలో అయితే ఒక్కో విభాగంలో 5.5. చాలా యూనివర్సిటీలు మామూలు ఐఈఎల్‌టీఎస్‌తోనే తమంతట తాము అంచనా వేస్తాయి, కాబట్టి యూకేవీఐ కావాలా వద్దా అని అడిగాకే బుక్ చేయాలి. కెనడాలో విద్యార్థి పర్మిట్లు త్వరగా తేల్చే ఎస్‌డీఎస్ పథకం 2024 నవంబర్ 8న ఆగిపోయింది. అక్కడ చదువు అయ్యాక వర్క్ పర్మిట్‌కి మళ్లీ భాషా పరీక్ష ఉంది, దానికి ఐఈఎల్‌టీఎస్ రాస్తే అకడమిక్ పనికిరాదు, జనరల్ ట్రైనింగ్ రాయాలి.

ఈ అర బ్యాండు కోసం తిరిగే రోజుల్లోనే 'స్కోరు మేం చూసుకుంటాం' అంటూ ఫోన్లు వస్తాయి. ఈ కుటుంబానికీ వచ్చింది. టీఆర్ఎఫ్ నిజమైనదో కాదో యూనివర్సిటీలు ఆన్‌లైన్‌లో నేరుగా సరిచూసుకుంటాయి. దొరికితే అడ్మిషన్ పోవడమే కాదు, వీసా రికార్డులో మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. పొగాకు అమ్మిన డబ్బు అలాంటివాళ్ల చేతిలో పెట్టొద్దని తల్లిదండ్రులకి గట్టిగా చెప్పాలి.

ఈ కేసులో తీరనిది ఒకటుంది. ఆర్టికల్స్. చివరి మాక్‌లో కూడా పేజీకి ఆరేడు చోట్ల 'ది' ఎగిరిపోయింది. తెలుగులో 'ఆ' అని మనసులో అనుకోగలిగిన చోట 'ది' పెట్టు అన్న చిట్కా సగమే పని చేసింది, 33 రోజులు దానికి చాలలేదు. 6.0కి అది అడ్డు రాలేదు, 7.0 కావలసిన కోర్సు అయితే వచ్చేది. క్లాసులు మొదలయ్యే లోపు రోజుకి ఒక పేరా దిద్దించుకోమని పని ఇచ్చి ఫైల్ మూశాం.